గోతికో టైరు, నెలకో ఖర్చు: ఈ కారు ఉంచుకోవాలా, అమ్మాలా?

బెంగళూరులోని కసవనహళ్లి నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పెద్ద ఉత్తరం రాశారు. సొంతూరు చిత్తూరు దగ్గర. చదువుకునే రోజుల నుంచీ కోరుకున్న జర్మన్ స్పోర్ట్స్ సెడాన్‌ని పోయినేడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. అప్పటికి దాని వయసు నాలుగేళ్లు, తిరిగింది 42 వేల కిలోమీటర్లు. 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, శక్తి వెనక చక్రాలకు వెళ్లే రకం. ధర 33 లక్షలు. అందులో 20 లక్షలు బ్యాంకు అప్పు, నెలకు 51 వేల వాయిదా. అమ్మిన షోరూమ్ ఏడాది వారంటీ ఇచ్చింది. అది ఇంకో ఏడు వారాల్లో ముగుస్తుంది.

ఈ ఏడాదిలో హరళూరు రోడ్డు గోతుల్లో వెనక టైరు ఒకటి పగిలింది, ముందు టైరు ఒకటి బుడగ తేలింది, ఒక అల్లాయ్ చక్రం వంగింది. గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ రకం టైర్లు రెండు కొత్తవి వేయిస్తే, ఇప్పుడు ఇంకో ముందు టైరుకు బుడగ వచ్చింది. కోలారు దాటి 90లో వెళ్తుంటే స్టీరింగ్ అదురుతోంది. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపు మీద, ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు, అడుగు గీసుకుంటోంది. సర్వీస్ సెంటర్ 2 లక్షల 85 వేల ఎస్టిమేట్ చేతిలో పెట్టింది: ఇంజన్ పైమూత గ్యాస్కెట్ (ఆయిల్ కారకుండా ఆపే సీలు), ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్, ముందు కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు (ముందు చక్రాల సస్పెన్షన్‌లోని రబ్బరు కీళ్లు), ముందు బ్రేక్ డిస్కులు, ప్యాడ్లు, గేర్‌బాక్స్ ఆయిల్, బ్యాటరీ. సిటీలో మైలేజీ ఆరున్నర.

మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు ఆ సీట్లో కూర్చోలేకపోతున్నారు, లేవలేకపోతున్నారు. అమ్మగారికి వెనక సీట్లో వాంతులు. భార్య తెగేసి చెప్పారు: "ఇది ఇంటి బండి కాదు, నీ బండి. అమ్మేసి అందరం ఎక్కే మూడు వరుసల బండి తీసుకుందాం." పాత కార్లు కొనేవాళ్లు 26 లక్షలంటున్నారు. విజయవాడలో ఉండే బావమరిది 24న్నరకు తీసుకుంటానన్నాడు, "కాగితాలు నిదానంగా మార్చుకుందాంలే బావా" అంటున్నాడు. "ఆదివారం తెల్లవారుజామున ఆ స్టీరింగ్ పట్టుకుంటే వారమంతా పడ్డ అలసట పోతుంది. ఏం చేయమంటారు?" అని అడిగారు.

సమాధానం:

మీ ఉత్తరంలో మూడు విడివిడి సమస్యలున్నాయి. మొదటిది రోడ్డుకీ టైరుకీ ఉన్న గొడవ, డబ్బుతో తీరుతుంది. రెండోది ఎస్టిమేట్, అడగాల్సినవి అడిగితే సగానికి దిగవచ్చు. మూడోది ఇంట్లోవాళ్లకు ఈ బండి సరిపడకపోవడం, అది కొంతవరకే తీరుతుంది. మూడూ కలిసి మీద పడడం వల్ల అమ్మడం తప్ప దారి లేదనిపిస్తోంది. విడదీసి చూశాక కూడా అమ్మాలనే అనిపించవచ్చు. అప్పుడు కనీసం ఏ కారణానికి అమ్ముతున్నారో మీకు తెలుస్తుంది.

తేదీ ఉన్న పని ముందు చూద్దాం. ఇంజన్ నుంచి ఆయిల్ వస్తోందని సర్వీస్ సెంటరే రాసిచ్చింది. వారంటీ నడుస్తోంది. మరి ఆ రెండు గ్యాస్కెట్ల ఖర్చు మీ మీద ఎందుకు పడింది? వారంటీ పుస్తకం తీసి మినహాయింపుల పేజీ చదవండి. బుష్‌లు, ప్యాడ్లు, డిస్కులు, టైర్లు అరిగే సరుకు కాబట్టి దాదాపు ఏ వారంటీలోనూ ఉండవు. గ్యాస్కెట్ల విషయంలో ఒక్కో వారంటీ ఒక్కోలా రాస్తుంది. కొన్ని చెమ్మలా ఊరడాన్ని వదిలేసి, బొట్లుగా కారితే ఒప్పుకుంటాయి. అడుగు షీల్డు విప్పించి, లీకున్న చోటు శుభ్రంగా తుడిపించి, 200, 300 కిలోమీటర్లు నడిపాక మళ్లీ ఎత్తించి ఫొటోలు తీయించండి. తడి ఎక్కడ మొదలైందో అప్పుడే తెలుస్తుంది.

జాబ్ కార్డు వారంటీ ముగిసేలోపు తేదీతో ఉండాలి, "ఇంజన్ ఆయిల్ లీకు" అని అందులో స్పష్టంగా రాయించాలి. వారంటీలోకి రాదంటే ఏ నిబంధన ప్రకారం రాదో ఈమెయిల్‌లో అడగండి. నోటిమాటగా కాదన్నవాళ్లు రాతలో అడిగేసరికి మెత్తబడడం మామూలే. అప్పటికీ కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్న ధర 50 లక్షల లోపు కాబట్టి మీ కేసు అక్కడికే వెళ్తుంది, గడువు రెండేళ్లు.

వారంటీని పొడిగించుకోవచ్చా అన్నది దీనితో ముడిపడిందే. పొడిగింపు సాధారణంగా పాత వారంటీ ముగియకముందే తీసుకోవాలి, బండిని తనిఖీ చేసిగానీ ఇవ్వరు. లీకు కనిపిస్తే "ముందు బాగు చేయించుకురండి" అంటారు. కాబట్టి లీకు గొడవ తేలితేనే పొడిగింపు. ఇంకో రెండేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉంటే తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఇలాంటి బండిలో టర్బో, గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్, స్టీరింగ్ ర్యాక్ లాంటివి ఏ ఒక్కటి పోయినా ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. ఆరు నెలల్లో అమ్మేద్దామనుకుంటే పూర్తి ఫీజు వృథా, అయితే కొనేవాడి పేరు మీదికి మారే వారంటీ అయితే అమ్మకం ధరలో కొంత తిరిగొస్తుంది. మారుతుందో లేదో ముందే అడగండి.

ఇక మిగతా ఎస్టిమేట్. గేర్‌బాక్స్ ఆయిల్‌ని ప్రస్తుతానికి కొట్టేయొచ్చు. మీ బండి తిరిగింది 52 వేలు. ఇలాంటి ఎనిమిది గేర్ల పెట్టెలు తయారుచేసే జెడ్ఎఫ్ సంస్థ 80 వేల నుంచి 1 లక్షా 20 వేల కిలోమీటర్లకో, ఎనిమిదేళ్లకో మార్చమంటుంది. "జీవితాంతం మార్చక్కర్లేదు" అని కార్ల కంపెనీలు చెప్పే మాటని నమ్మి వదిలేయకండి, ఇప్పుడే తొందరా పడకండి. గేరు పడేటప్పుడు కుదుపు ఉంటే మాత్రం అది వేరే సంగతి, వెంటనే చూపించాలి. మార్చే రోజు వచ్చినప్పుడు, ఫిల్టర్ అడుగు ట్రేలోనే కలిసి ఉండే రకం అయితే ట్రే మొత్తం మారుస్తారు. ఆయిల్ మట్టం ఇంజన్ నడుస్తుండగా, నిర్ణీత ఉష్ణోగ్రతలో చూసి నింపాలి. కొలత లేకుండా పోసే చోట చేయించకూడని పని ఇది.

బ్యాటరీ మార్చమన్నారు సరే, పరీక్షించిన కాగితం ఇచ్చారా? చిన్న దూరాలు, గంటల కొద్దీ ట్రాఫిక్, ఆగినప్పుడల్లా ఇంజన్ ఆపే ఏర్పాటు, ఇవన్నీ బ్యాటరీని పీల్చేస్తాయి. నిజంగా బలహీనపడితే తెరమీద సంబంధం లేని హెచ్చరికలు కూడా వస్తాయి, మార్చడం సబబే. ఏజీఎం రకమే (యాసిడ్‌ని గాజు పీచులో పీల్చి ఉంచే బ్యాటరీ) వేయించాలి. చాలా జర్మన్ కార్లలో కొత్త బ్యాటరీని కారు కంప్యూటర్‌లో నమోదు చేయాలి. చేయకపోతే పాత బ్యాటరీ అనుకునే ఛార్జింగ్ ఇస్తూ కొత్తదాన్నీ త్వరగా చంపుతుంది.

స్టీరింగ్ అదురు దగ్గర కొంచెం ఆగాలి. ఎస్టిమేట్‌లోని పెద్ద ఖర్చులు ఇక్కడే ఉన్నాయి. అదురు ఎప్పుడొస్తోందో గమనించండి. బ్రేకు మీద కాలు పెట్టకుండా 80, 100 మధ్య ఒకే వేగంలో వెళ్తుంటే వస్తోందా? అయితే మొదటి అనుమానం చక్రం మీద. మీ అల్లాయ్ ఒకటి వంగిందన్నారు. అల్లాయ్ తరచుగా లోపలి అంచు దగ్గర వంగుతుంది, బయటి నుంచి చూస్తే చక్కగానే ఉంటుంది, బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పితేనే ఊగడం కనిపిస్తుంది. బుడగ లేచిన టైరు కూడా ఇలాగే అదురుతుంది. బ్రేకు వేసినప్పుడే అదిరితే డిస్కులో మందం తేడా వచ్చి ఉండొచ్చు. బ్రేకు వేయగానే అదురుతో పాటు ముక్కు ఒకవైపు లాగినట్టుండి, స్పీడ్‌బ్రేకర్ దిగేటప్పుడు "టక్" మంటే బుష్‌ల పని. కొన్ని మోడళ్లలో ఈ బుష్ లోపల ద్రవం ఉంటుంది, చిట్లితే బుష్ చుట్టూ నూనె మరకలా కనిపిస్తుంది.

మూడింటికీ వైద్యం వేరు. వరుస తప్పితే లక్ష రూపాయల డిస్కులు, బుష్‌లు వేయించాక కూడా అదురు అలాగే ఉంటుంది. ముందు నాలుగు చక్రాలూ మెషీన్ మీద తిప్పించండి. డిస్కులు, బుష్‌లతో పోలిస్తే ఆ ఖర్చు చాలా తక్కువ. తర్వాత డిస్కు మందం కొలిపించండి. కనీస మందం ఎంతో డిస్కు మీదే చెక్కి ఉంటుంది. కొలత దానికి పైన ఉండి, బ్రేకులో అదురు లేకపోతే డిస్కులు మార్చాల్సిన పని లేదు, ప్యాడ్లు అరిగి ఉంటే ప్యాడ్లు చాలు. ప్యాడ్ హెచ్చరిక దీపం అప్పటికే వెలిగి ఉంటే దాని సెన్సర్ తీగ కూడా మార్చాలి, అది ఒక్కసారికే పనిచేస్తుంది. బ్రేక్ ఫ్లూయిడ్ మార్చి రెండేళ్లయిందేమో కూడా చూడండి. ఎస్టిమేట్‌లో అది లేదు, గేర్‌బాక్స్ ఆయిల్ కంటే అదే ముఖ్యం. ముఖ్యంగా చిత్తూరు దారిలో మొగిలి ఘాట్ దిగే మీకు. తేమ పట్టిన ఫ్లూయిడ్ వరుస బ్రేకులకు వేడెక్కి మరిగితే పెడల్ లోపలికి దిగిపోతుంది. ఘాట్‌లో బ్రేకు ఒత్తిపట్టి దిగడం కంటే స్టీరింగ్ వెనక ప్యాడిల్‌తో రెండు గేర్లు తగ్గించుకుని దిగండి.

టైర్ల సంగతి. బుడగ ఉన్న ఆ ముందు టైరుతో హైవే ఎక్కకండి. పక్కగోడ లోపలి దారాలు తెగితేనే బుడగ వస్తుంది, దానికి మరమ్మతు లేదు. రన్‌ఫ్లాట్ పక్కగోడ మందంగా, గట్టిగా ఉంటుంది. గాలి పోయినా గంటకు 80 మించకుండా సుమారు 80 కిలోమీటర్లు వెళ్లనిస్తుంది. ఆ గట్టిదనమే మన గోతుల్లో ఎదురు తిరుగుతుంది. మెత్తని టైరు నలిగి దెబ్బలో కొంత తాను మింగుతుంది, ఇది రిమ్ముకే అందిస్తుంది. మీకు టైర్లు, అల్లాయ్ రెండూ పోవడానికి కారణం ఇదే.

అవే టైర్లు మళ్లీ వేయిస్తే రాత్రివేళ ముళబాగిలు దగ్గర పంక్చరైనా కుటుంబంతో రోడ్డు మీద దిగక్కర్లేదు, కానీ గోతుల ఖర్చు సాగుతూనే ఉంటుంది. అదే సైజులో మామూలు టైర్లకు మారితే కారు మెత్తబడుతుంది, ఒక్కో టైరు ధరా తగ్గుతుంది. బదులుగా డిక్కీలో గాలి పంపు, పంక్చర్ కిట్, వీలైతే సన్నటి స్పేర్ చక్రం మోయాలి. మీ బండికి స్పేర్ లేకపోతే జాకీ, పానా కూడా ఉండకపోవచ్చు, అవీ కొనాలి. పక్కగోడ చీలితే పంక్చర్ కిట్ ఎందుకూ పనికిరాదు. మారేటట్టయితే నాలుగూ మార్చండి, ఒకటి రన్‌ఫ్లాట్, ఒకటి మామూలు కలపకండి.

నాకు నచ్చిన దారి ఇంకోటి ఉంది. మీరు రాసిన సైజులు ముందు 225/45 ఆర్18, వెనక 255/40 ఆర్18. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాల్లో. రెండింటిలోనూ పక్కగోడ ఎత్తు 101, 102 మిల్లీమీటర్లు. నాలుగు చక్రాలకూ 225/50 ఆర్17 వేస్తే పక్కగోడ 112 దాటుతుంది, చక్రం మొత్తం వ్యాసంలో తేడా ఒక శాతం కూడా రాదు, కాబట్టి స్పీడోమీటర్ లెక్క తప్పదు. గోతికీ రిమ్ముకీ మధ్య ఇంకో సెంటీమీటరు రబ్బరు. నాలుగూ ఒకే సైజైతే ముందువి వెనక్కి మార్చుకుంటూ సమానంగా అరగనివ్వొచ్చు, ఇప్పుడు మీకు ఆ వీలు లేదు. రెండు షరతులు: మీ మోడల్‌కు కంపెనీ ఆ సైజు అనుమతించిందని మాన్యువల్లోనో డోరు స్టిక్కర్ మీదో ఉండాలి, 17 అంగుళాల రిమ్ము మీ బ్రేక్ క్యాలిపర్‌కు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగానికి) తగలకూడదు. పెద్ద స్పోర్ట్స్ బ్రేకులుంటే తగులుతుంది. కొనకముందే ఒక రిమ్ము తొడిగించి చూడండి. మీరు ఇష్టపడే ఆ స్టీరింగ్ పదును రవ్వంత తగ్గుతుంది. ఆదివారం తెల్లవారుజామున నంది కొండ మలుపుల్లో అది మీకు తెలుస్తుంది, దాచను. తీసేసిన 18 అంగుళాల చక్రాలు అమ్మకండి, కారు అమ్మే రోజున వాటికి విలువుంటుంది.

ఏది వేసినా లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు), స్పీడ్ రేటింగ్ (తట్టుకోగల వేగం) పాతవాటికి తగ్గకూడదు. పక్కగోడ మీద నాలుగంకెల తయారీ గుర్తు చదవండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. గాలి, షాపు అలవాటు ప్రకారం కాకుండా, డోరు స్టిక్కర్ ప్రకారం చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. అయిదుగురు ఊరెళ్లే రోజున ఎక్కువ బరువు వరుసలో ఉన్న అంకె చూడండి.

ఇన్సూరెన్స్ విషయం క్లుప్తంగా: టైరు ఒక్కటే పోతే మామూలు పాలసీ ఏమీ ఇవ్వదు, బండి కూడా దెబ్బతింటేనే టైరు ఖర్చులో సగం ఇస్తుంది. టైరు కవర్ విడిగా తీసుకోవాలి. దానికంటే ముందు ఇంజన్ రక్షణ కవర్ ఉందో లేదో చూడండి. 2022లో బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు చుట్టుపక్కల బేస్‌మెంట్లు ఎలా మునిగాయో మీకు తెలుసు. బేస్‌మెంటులోకి నీళ్లొచ్చాక స్టార్ట్ బటన్ నొక్కితే సిలిండర్‌లోకి నీరు పోయి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆ కవర్ లేకపోతే ఖర్చు మీదే. బండి వయసు పెరిగే కొద్దీ ఈ కవర్ దొరకడం కష్టమవుతుంది. అందుకని ఈసారి రెన్యువల్‌లోనే అడగండి.

మైలేజీ ఆరున్నర రావడం జబ్బు కాదు. ఆ ట్రాఫిక్‌లో ఆ ఇంజన్‌కు అంతే వస్తుంది. అయితే సగటున గంటకు 15 కిలోమీటర్ల వేగంతో 10 వేల కిలోమీటర్లు అంటే ఇంజన్ 660 గంటలకు పైగా నడిచినట్టు. హైవేలో 60 సగటుతో అదే దూరం 170 గంటల లోపే. ఆయిల్ పాడయ్యేది గంటలతో, వేడితో. కాబట్టి తెర మీద గడువు ఇంకా ఉందని చూపించినా 7 వేలకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు మార్చండి. డబ్బా మీద కంపెనీ ఆమోదం నంబరు మాన్యువల్‌లో ఉన్నదే ఉండాలి, 5డబ్ల్యూ-30 అని చిక్కదనం గుర్తు ఒక్కటే ఉంటే సరిపోదు.

అడుగు గీసుకోవడం: అయిదుగురు కూర్చుంటే వెనక భాగం దిగుతుంది, చక్రాల మధ్య దూరం ఎక్కువ కాబట్టి ర్యాంపు అంచు కడుపుకు తగులుతుంది. ర్యాంపు పైనే అందర్నీ ఎక్కించుకోవడం, స్పీడ్‌బ్రేకర్‌ని వాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా దాటడం తక్షణ ఉపాయాలు. ర్యాంపు అంచు మీద కాంక్రీటుతో వంపు సరిచేయించమని అసోసియేషన్‌ని అడగండి, మీ ఒక్కరి బండే గీసుకుంటూ ఉండదు. స్ప్రింగు కింద మందపాటి రబ్బరు ప్యాడ్లు వేసి 10, 15 మిల్లీమీటర్లు లేపేవాళ్లున్నారు. అది పనిచేస్తుంది, కానీ అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి, సస్పెన్షన్ మీద వారంటీ అడిగితే దాన్ని చూపించి కాదనవచ్చు. పొడిగింపు తీసుకుంటే ఆ జోలికి పోకండి. గీసుకున్న ప్రతిసారీ కింద ప్లాస్టిక్ షీల్డు క్లిప్పులు ఊడాయేమో చూడండి, వేలాడే షీల్డు హైవేలో చిరిగిపోతుంది.

ఇప్పుడు ఇంట్లోవాళ్లు. నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి. సీటు పూర్తిగా వెనక్కి జరిపి, ఎత్తు చివరిదాకా పెంచండి, గట్టి దిండు వేయండి. ముందు పక్కకు తిరిగి కూర్చుని తర్వాత రెండు కాళ్లూ ఒకేసారి లోపలికి తిప్పుకోవాలి, దిగేటప్పుడూ అంతే. పేవ్‌మెంట్ పక్కన ఆపితే సీటు ఇంకా లోతనిపిస్తుంది, రోడ్డు మట్టంలో ఆపండి. అమ్మగారికి వాంతులు వచ్చేది ఎక్కువగా కుదుపు వల్ల. స్పోర్ట్ మోడ్‌లో గేరు త్వరగా పైకి పోదు, కాలు తీయగానే బండి ముందుకు తూలుతుంది. ఆమె ఉన్నప్పుడు కంఫర్ట్ మోడ్‌లో పెట్టి, ముందు వాహనాన్ని దూరం నుంచే చూసి మెల్లగా వేగం తగ్గించండి. ఇవన్నీ చేశాక ఒకసారి చిత్తూరు వెళ్లిరండి. సుమారు 180 కిలోమీటర్లు, పరీక్షకు సరిపోతుంది. నాన్నగారికి అప్పటికీ కష్టమైతే ఈ కారులో దానికి మందు లేదు, ఆ విషయంలో మీ శ్రీమతి మాటే నిజం.

అప్పుడు మీ ముందు రెండు దారులుంటాయి. ఉంచుకుంటే: లీకు వారంటీలో చేయించి, పొడిగింపు తీసుకుని, చక్రాలు మార్చి, ఊరి ప్రయాణాలకు డ్రైవరుతో పెద్ద బండి అద్దెకు తీసుకోవడం. ఏడాదికి నాలుగైదు ఊరి ప్రయాణాలైతే ఆ అద్దె మీ రెండు నెలల వాయిదా దాటకపోవచ్చు. వారం వారం వాళ్లను ఆసుపత్రికి తిప్పాల్సి ఉంటే ఈ లెక్క నిలవదు. అమ్మితే: వారంటీ ఉండగానే, లీకు బాగయ్యాక, సర్వీస్ రసీదులన్నీ చేతిలో పెట్టుకుని అమ్మాలి. వారంటీ పోయాక, ఆయిల్ మరకతో చూపిస్తే 26 కూడా అనరు. పోయిన 7 లక్షల కోసం మాత్రం ఉంచుకోకండి. ఉంచుకున్నా అది తిరిగి రాదు. అప్పు ఎంత మిగిలిందో, ముందుగా తీర్చేస్తే ఎంత ఛార్జీ పడుతుందో బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకుని, ఆ కాగితం మీ శ్రీమతికి చూపించాకే మాట్లాడుకోండి. "నీ బండి" అన్న మాటలో సీటు బాధతో పాటు, ఆ వాయిదా గురించి తనను అడగలేదన్న బాధ కూడా ఉన్నట్టు మీ ఉత్తరం చదివితే అనిపించింది.

బావమరిదికి అమ్మడం తప్పు కాదు, కాగితాలు తర్వాత మార్చుకుందామన్న మాటే తప్పు. ఆర్‌సీలో మీ పేరున్నంత కాలం ప్రమాదం జరిగితే పరిహారం మీ మీదికే వస్తుంది, 2018లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. బండి వేరే రాష్ట్రంలో ఏడాదికి మించి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి, అక్కడి జీవిత పన్ను కట్టాలి. కాబట్టి అతని 24న్నరలో ఆ పన్ను ఉందా, అదనమా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. వరుస ఇది: బ్యాంకు అప్పు తీర్చి, అది తీరిందని ఆర్టీవోకు తెలిపే ఫారం 35 మీద సంతకాలు తీసుకోవడం, పెండింగ్ ట్రాఫిక్ జరిమానాలు కట్టడం, ఫారం 28తో ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదనే పత్రం, అంటే ఎన్‌ఓసీ తీసుకోవడం, బండి పేరు మార్పు కోసం ఫారం 29, 30 మీద సంతకాలు చేయడం. అక్కడ కొత్త నంబరు వచ్చాక, ఇక్కడ మిగిలిన కాలానికి కట్టిన జీవిత పన్ను వాపసు కోసం కర్ణాటక ఆర్టీవోలో దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ వాపసు ఎవరికి చెందుతుందో కూడా ముందే మాట్లాడుకోండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో అతని పేరు మీదికి మారాలి, మీ నో క్లెయిమ్ బోనస్ మాత్రం మీతోనే ఉంటుంది, తర్వాతి బండికి వాడుకోవచ్చు. డబ్బు మొత్తం ఖాతాలో పడి, ఫారాల మీద సంతకాలయ్యాకే తాళాలు ఇవ్వండి. ఈ మాట మీరు చెబితే అతను నొచ్చుకోవచ్చు, వాళ్లక్కయ్య చేత చెప్పించండి.